ఎడమ సిలిండర్ చల్లగా ఉంది

మొన్న మే నెలలో మా ఏరో క్లబ్ వాళ్ళ ఇంజన్ ఒకటి అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను. కావలి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి జలదంకికి ఇంకొకటి. జలదంకి మా అమ్మ వాళ్ళ ఊరు. మా మామకి అక్కడ పొలాల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు బాగుచేసే షెడ్డు ఉంది. రేడియోతో నడిపే మోడల్ విమానం ఇంజన్‌కీ, మామ షెడ్డుకీ ఏం సంబంధం అనుకోకండి. చాలా ఉంది. రెండూ టూ స్ట్రోకే, రెండూ ఆయిల్ కలిపిన పెట్రోలే తాగుతాయి.

సమస్య ఏంటంటే ఇంజన్ స్టార్ట్ అవుతోంది, ఫుల్ థ్రాటిల్‌లో బలం రావట్లేదు. కొన్న సీనియర్లు పాసై వెళ్ళిపోయారు. కొత్తది కొనే డబ్బు మా దగ్గర లేదు. ఇది నడవకపోతే ఈ ఏడాది క్లబ్బుకి విమానం లేనట్టే. "నేను చూసుకుంటా" అని గొప్పగా చెప్పి తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో నాలుగు కుట్లు పడ్డాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు ఇంజన్ గురించి

మాది 40 సీసీ ట్విన్. అంటే రెండు సిలిండర్లు, ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు, ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. దీన్ని బాక్సర్ అంటారు. మధ్యలో క్రాంక్ కేస్ ఒక్కటే, కార్బొరేటర్ కూడా ఒక్కటే.

రెండు పిస్టన్లూ ఒకేసారి లోపలికి వస్తాయి, ఒకేసారి బయటికి పోతాయి. నేను మొదట్లో ఒకటి వస్తుంటే ఇంకోటి పోతుంది అనుకున్నా. అలా అయితే ఈ ఇంజన్ అసలు నడవదు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేస్‌లోకి వస్తుంది. పిస్టన్లు లోపలికి వచ్చి దాన్ని నొక్కితేనే అది సిలిండర్లలోకి ఎక్కుతుంది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోతే మధ్యలో చోటు అంతే ఉంటుంది, ఒత్తిడి పుట్టదు. అందుకే రెండూ కలిసి కదలాలి, రెండు ప్లగ్గుల్లోనూ నిప్పు ఒకేసారి పడాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద రిపేరులో పనికొస్తుంది.

చెయ్యి ఎక్కడ పెట్టకూడదు

మొదటి రోజు నేను చేసిన తప్పు ఇది. ఇంజన్‌ని బల్లకి బోల్టులతో బిగించాను. ఇగ్నిషన్ స్విచ్ ఆన్‌లో ఉంది. "కంప్రెషన్ ఎలా ఉందో చూద్దాం" అని ప్రొపెల్లర్‌ని ఉత్త చేత్తో మెల్లగా తిప్పాను. నిప్పు పడాల్సిన టైముని పట్టేది హాల్ సెన్సర్ అనే చిన్న ముక్క. ప్రొపెల్లర్ వెనక తిరిగే అయస్కాంతం దాని ముందు నుంచి పోగానే ప్లగ్గుకి సిగ్నల్ వెళ్తుంది. తిప్పింది మోటరా, చెయ్యా అని అది అడగదు. టప్‌మని పేలింది. వేళ్ళ వెనక చర్మం లేచిపోయింది. మామ బండి మీద కావలి తీసుకెళ్ళి కుట్లు వేయించాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. వాపసు వచ్చాక మాత్రం, "స్విచ్చి చూడకుండా ఫ్యాను ముట్టుకోబాక అబ్బయ్యా. ఈసారి కుట్లుండవు, వేళ్ళుండవు" అన్నాడు.

ఆయన ఎక్కువ చేసి చెప్పలేదు. 20 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 7000 చుట్లు తిరిగితే దాని కొన గంటకి దాదాపు 670 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రాత్రి ఫోన్‌లో లెక్క వేసుకుని నాకే భయమేసింది. కాబట్టి రూల్స్:

- ప్రొపెల్లర్‌ని ముట్టుకునే ముందు స్విచ్ ఆఫ్. ఆఫ్ అని నోటితో పైకి చెప్పాలి.
- తిప్పేటప్పుడు మందపాటి తోలు గ్లౌజ్ లేదా రబ్బరు తొడిగిన కర్ర.
- విమానాన్ని గట్టిగా కట్టాలి, వెనక ఒక మనిషి పట్టుకోవాలి.
- ప్రొపెల్లర్ తిరిగే గీతకి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. రెక్క విరిగితే ఎగిరేది అటే. చూడ్డానికి వచ్చిన పిల్లల్ని బాగా వెనక్కి పంపాలి.
- భుజం మీద తువ్వాలు, వేలాడే ట్యాగ్, ఇయర్‌ఫోన్స్ తీసెయ్యాలి.

స్టార్ట్ చేసే పద్ధతి

ఇంజన్‌తో వచ్చిన పుస్తకం ఏం చెప్తే అది ఫైనల్. మామూలుగా అయితే ఇలా ఉంటుంది.

పెట్రోల్‌లో టూ టీ ఆయిల్ కలపాలి. మా ఇంజన్‌కి 30కి 1, అంటే లీటరుకి దాదాపు 33 మిల్లీలీటర్లు. ఏ రోజుది ఆ రోజే కలపడం మేలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమని పీలుస్తుంది. పాత పెట్రోలు కార్బొరేటర్‌లో జిగురు కడుతుంది.

తర్వాత చోక్ మూసి, థ్రాటిల్ కొంచెం తెరిచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో ప్రొపెల్లర్‌ని చురుగ్గా కొట్టాలి. కొన్ని దెబ్బలకి "టప్" అని ఒక చప్పుడు వస్తుంది. అది స్టార్ట్ కాదు, పెట్రోలు అందింది అని చెప్పడం. వెంటనే చోక్ తెరిచి మళ్ళీ కొడితే అందుకుంటుంది. అర నిమిషం ఐడిల్‌లో వేడెక్కనిచ్చి ఆ తర్వాతే థ్రాటిల్ ముట్టుకోవాలి.

టప్ అన్నాక కూడా చోక్ మూసే ఉంచి కొడుతూ ఉంటే పెట్రోలు నిండిపోయి ప్లగ్గులు తడుస్తాయి. అప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ప్లగ్గులు రెండూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పదిసార్లు తిప్పితే లోపలి పెట్రోలు బయటికొస్తుంది.

కార్బొరేటర్‌కి రెండు నీడిల్స్ ఉంటాయి. ఎల్ అని ఉన్నది ఐడిల్‌కి, హెచ్ అని ఉన్నది ఫుల్ థ్రాటిల్‌కి. థ్రాటిల్ తెరవగానే ఇంజన్ గుటకేసి ఆగిపోతే ఎల్‌లో పెట్రోలు తక్కువైనట్టు. పొగ కక్కుతూ నత్తినత్తిగా లేస్తే ఎక్కువైనట్టు. ముందు ఎల్ సర్దాలి, తర్వాత హెచ్. హెచ్‌ని బాగా స్పీడు వచ్చే చోటికి తిప్పి, అక్కడి నుంచి కొంచెం పెట్రోలు ఎక్కువ వైపుకి వదిలెయ్యాలి. ఆయిల్ కూడా ఆ పెట్రోల్‌తోనే వస్తుంది కదా, పెట్రోలు పిసినారితనం చేస్తే పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది.

సగం పోతే సగం తెలియదు

రెండో రోజు పొద్దున్నంతా నేను నీడిల్స్‌తోనే కుస్తీ పట్టాను. కొంచెం అటు, కొంచెం ఇటు. 7000 రావాల్సిన చోట 5400 దాటట్లేదు. చెవికి మాత్రం బాగానే నడుస్తున్నట్టు ఉంది.

మామ టీ తాగి వచ్చి, ఇంజన్ ఆపించి, గ్లాసులో వేళ్ళు ముంచి రెండు సిలిండర్ల మీదా నీళ్ళు చిలకరించాడు. కుడివైపు దోసె పెనం మీద పడ్డట్టు చుయ్‌మంది. ఎడమవైపు నీళ్ళు నీళ్ళలాగే జారిపోయాయి. ఎడమ సైలెన్సర్ లోంచి కాలని పెట్రోలు చుక్కలు కారుతున్నాయి. అది పొద్దున్నుంచీ కారుతూనే ఉంది, నేను చూళ్ళేదు. "ఒక ఎద్దే లాగతా ఉండాది. నువ్వు బండికి కందెన పూస్తా ఉండావు" అన్నాడు.

మరి 5400 ఎలా వచ్చింది? ప్రొపెల్లర్‌ని తిప్పడానికి కావాల్సిన పవర్ చుట్లకి మూడో ఘాతంలో పెరుగుతుంది. అందుకని పవర్ సగం పోతే చుట్లు సగానికి పడవు, దాదాపు 80 శాతం దగ్గర ఉంటాయి. కానీ విమానాన్ని లాగే బలం చుట్ల వర్గంతో పోతుంది. 7000కి 5400 అంటే లాగే బలం 60 శాతమే. అంటే చెవి బాగానే ఉందంటుంది, విమానం లేస్తుంది కూడా, కానీ గాల్లో మలుపు దగ్గర చేతులెత్తేస్తుంది. నేను దీన్నే తీసుకెళ్ళి ఎగరేసి ఉంటే? ఆ విమానం, సీనియర్ల డబ్బు, కింద నిలబడ్డ జనం. ఆ ఆలోచన కుట్ల కంటే ఎక్కువ నొప్పెట్టింది.

ఉమ్మడివి, సొంతవి

మామకి కోడింగ్ రాదు, కానీ ఆయన చేసింది పక్కా డీబగ్గింగ్. ట్విన్‌లో కొన్ని ఉమ్మడి ఆస్తులు: ట్యాంకు, కార్బొరేటర్, బ్యాటరీ, హాల్ సెన్సర్, క్రాంక్ కేస్. కొన్ని ఎవరివి వాళ్ళవి: ప్లగ్గు, ప్లగ్ క్యాప్, దాని వైరు, పిస్టన్ రింగు, గాస్కెట్. రెండూ నడవకపోతే ముందు ఉమ్మడివి చూడాలి. ఒకటి నడిచి ఒకటి నడవకపోతే సొంతవి చూడాలి. నేను ఉమ్మడి కార్బొరేటర్‌ని పట్టుకుని పూటంతా తిప్పాను!

సొంతవాటిలో దొంగని పట్టే పద్ధతి అటుది ఇటు, ఇటుది అటు మార్చడం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

1. ప్లగ్ క్యాపులు అటూ ఇటూ మార్చాం. ఎడమే చల్లగా ఉంది. అంటే క్యాపు, వైరు మంచివే.
2. ప్లగ్గులు మార్చాం. ఈసారి కుడి చల్లబడింది! తప్పు ప్లగ్గుతో పాటు నడిచి వెళ్ళింది.

ఒకవేళ ప్లగ్గు మార్చినా ఎడమే చల్లగా ఉంటే అప్పుడు కంప్రెషన్, రింగు, గాస్కెట్ దగ్గర గాలి లీకు చూడాలి. మాకు ఆ అవసరం రాలేదు. ప్లగ్గుని ఎండలో తిప్పి చూస్తే తెల్ల పింగాణీ మీద వెంట్రుక అంత పగులు. నిప్పు మొనకి చేరకుండా ఆ పగుల్లోంచి పారిపోతోంది.

ఇంకో జాగ్రత్త. నిప్పు వస్తుందో లేదో చూడాలంటే ప్లగ్గుని క్యాపులోనే ఉంచి దాని లోహం భాగం ఇంజన్‌కి తాకేలా పెట్టాలి, పెట్రోలుకి దూరంగా. ప్లగ్గు లేకుండా క్యాపుని గాల్లో వదిలి తిప్పితే ఇగ్నిషన్ బాక్సే పాడవచ్చు.

కొత్త ప్లగ్గు వేశాక వెంటనే 7000 వచ్చిందా? రాలేదు. పొద్దున నేను తిప్పిన నీడిల్స్ పాడుచేసి పెట్టాను కదా. వాటిని పుస్తకంలో ఉన్న లెక్కకి తెచ్చి మొదటి నుంచి సర్దితే సాయంత్రానికి 6900 చూపించింది. మామ రెండు వైపులా నీళ్ళు చిలకరించాడు. రెండూ చుయ్‌మన్నాయి.

ఎంత ఇవ్వాలి మామా అంటే, "గమ్మునుండు" అన్నాడు. ఆ పగిలిన ప్లగ్గు ఇప్పుడు మా క్లబ్ రూములో దారానికి వేలాడుతోంది. ఎవరైనా ఇంజన్ దగ్గరికి స్క్రూడ్రైవర్‌తో వస్తే ముందు దాన్ని చూపించి, ఏ వైపు చల్లగా ఉందో చూశావా అని అడుగుతున్నాం.