జీడి బాయిలర్‌ను కాగితం మీద మండిద్దాం

సెలవులకు వెళ్ళి పలాస-కాశీబుగ్గలో బస్సు దిగగానే మనల్ని ముందుగా పలకరించేది జీడి వాసనే. ఉద్దానం నుంచి, టెక్కలి వైపు నుంచి వచ్చిన మనలో కొందరి అమ్మలు, అక్కలు ఆ పరిశ్రమల్లోనే పని చేస్తున్నారు. అక్కడి బాయిలర్‌ను మన హైస్కూలు భౌతికశాస్త్రంతోనే అర్థం చేసుకోవచ్చు.

జీడిపిక్కలను ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, కోసి పప్పు తీస్తారు. మిగిలిన తొక్కలను ఇంధనంగానూ వాడతారు. ఏటా పండే పంట నుంచి వచ్చేది కనుక ఇది పునరుత్పాదక ఇంధనం. అయితే తొక్కలో ఘాటైన నూనె ఉంటుంది. సరిగా మండకపోతే ఆ పొగ కళ్ళను, గొంతును మండిస్తుంది. దాన్ని పీల్చేది మనవాళ్ళే.

మంటను మెరుగుపరచాలంటే నిజమైన బాయిలర్‌తో ప్రయోగాలు చేయడం ప్రమాదం. అందుకే శాస్త్రజ్ఞులు ముందు లెక్కల్లో బాయిలర్‌ను నడిపి చూస్తారు. దీన్నే సిమ్యులేషన్ అంటారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సౌరశక్తి పరిశోధన కోసం తయారైన ట్రాన్సిస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం 1975 నుంచి ఇలాంటి పనికి ఉపయోగపడుతోంది. చలిదేశాల్లో ఇళ్ళను వెచ్చబరిచే చిన్న బాయిలర్లనూ ఇలాగే పరీక్షిస్తారు.

సూత్రం ఒక్కటే: వచ్చిన వేడి నుంచి పోయిన వేడి తీసేస్తే, మిగిలింది నీటిని వేడిచేస్తుంది.

200 లీటర్ల నీరు 30 డిగ్రీల వద్ద ఉందనుకుందాం. గంటకు 10 కిలోల ఎండు తొక్క వేస్తున్నాం. కిలోకు 20 మెగాజౌళ్ళు, అందులో 60 శాతం నీటికి చేరుతుందనుకుంటే నిమిషానికి 2 మెగాజౌళ్ళు. నీరు ఒక డిగ్రీ పెరగడానికి 0.84 మెగాజౌళ్ళు కావాలి. అంటే నిమిషానికి సుమారు 2.4 డిగ్రీలు. అరగంటలో నీరు మరుగుతుంది.

ఇప్పుడు తొక్క తడిసిందనుకుందాం. 10 కిలోల్లో 2 కిలోలు నీరే అయితే నిజమైన తొక్క 8 కిలోలే. ఆ నీటిని ఆవిరి చేయడానికి మరో 5 మెగాజౌళ్ళు పోతాయి. 200 రావలసిన చోట 155 మెగాజౌళ్ళే మిగులుతాయి. మంట చల్లబడి పొగ కూడా పెరుగుతుంది. ఒక్క టార్పాలిన్ కప్పితే ఎంత మేలో లెక్కే చెబుతోంది!

అయితే థర్మామీటరుతో సరిచూడని లెక్క ఊహే. నిమిష నిమిషానికీ కొలిచిన అంకెలతో పోల్చి, తేడా వస్తే లెక్కనే దిద్దుకోవాలి.

తమ్ముళ్ళూ, ఈ లెక్కను నోటుబుక్కులో ఒకసారి చేసి చూడండి. ఇంజనీరింగ్ చదువుతున్న మన పూర్వ విద్యార్థులు దీన్నే ప్రాజెక్టుగా తీసుకుంటే, చదువు ఫలం ముందుగా మన అమ్మల కళ్ళకే అందుతుంది.