పరిశోధన వ్యాసము – రచయిత బాధ్యత

పరిశోధన అనగా ఇతరులు చెప్పినదానిని చక్కని మాటలలో తిరిగి చెప్పుట కాదు. ఒక ప్రశ్న వేసికొని, ఆధారములను వెదకి, వాని బలాబలములను తూచి ఒక నిర్ణయమునకు వచ్చుట. రచయిత నడచిన దారిని పాఠకుడును నడచి చూచుకొనుటకు వీలు కల్పించునదే మంచి వ్యాసమని మేము తలంచుచున్నాము.

మన సాహిత్యమునుండియే ఒక ఉదాహరణము చూతము. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలుగులోనికి తెచ్చి, ఆ కవి నన్నయకంటె పూర్వుడని ప్రతిపాదించిరి. ఆదికవి స్థానమునకే సంబంధించిన మాట గనుక పెద్ద వాదము చెలరేగినది. తెలుగు చోడులలో ఒకే పేరు పలువురికి ఉండుటచే శాసనములలోని పేరును బట్టి కాలము నిర్ణయించుట సులభము కాలేదు. పిమ్మట పలువురు పండితులు నన్నెచోడుని 12వ శతాబ్దివానిగా తలచిరి. అయినను గ్రంథము అచ్చులో అందరికిని అందినందుననే దాని భాషను, ఛందస్సును పరీక్షించి ఇతరులు వాదింపగలిగిరి. నిర్ణయము మారినను ఆధారము నిలిచినది.

తెలుగైనను ఉర్దూయైనను వ్యాసము వ్రాయబూనిన మా విద్యార్థులకు మేము చెప్పునది ఇదియే. మూలగ్రంథమును స్వయముగా చూడవలెను. మరొకరి వ్యాసములో కనబడిన వాక్యమును మూలములో చూచినట్లు వ్రాయరాదు. తాళపత్రమైనచో అది ఏ భాండాగారమున ఉన్నదో, ముద్రితమైనచో ఏ ముద్రణమో, ఏ పుటయో తెలుపవలెను. తన వాదమునకు ప్రతికూలమైన ఆధారమును దాచరాదు. ‘కావచ్చును’ అనవలసినచోట ‘నిశ్చయము’ అనరాదు.

ఇతరుల భావమును స్వీకరించినపుడు వారి పేరు చెప్పుట విధి. 2018లో యు.జి.సి. ప్రకటించిన నియమముల ప్రకారము సిద్ధాంతగ్రంథములో 10 శాతము వరకు పోలికకు శిక్ష లేదు. 60 శాతము మించినచో పరిశోధకుని నమోదు రద్దగును. కాని యంత్రము పదముల పోలికను లెక్కించినంత సులభముగా, మాటలు మార్చి అపహరించిన భావమును పట్టజాలదు. అచ్చట కాపరి మన మనస్సాక్షియే.

ఒకే వ్యాసమును ఒకేసారి రెండు పత్రికలకు పంపరాదు. రుసుము పుచ్చుకొని, ఎవరును చదువకయే అచ్చువేయు పత్రికలు నేడు లేకపోలేదు. వానిలోని వ్యాసము ఉద్యోగపు దరఖాస్తున ఒక పంక్తి కావచ్చునుగాని విద్యకు ఒక మెట్టు కాజాలదు. విషయజ్ఞులు చదివి లోపములు చూపు పత్రికకు పంపుట, ఆలస్యమైనను మేలు. అచ్చయిన పిదప తప్పు కనబడినచో సవరణ ప్రకటింపవలెను. తప్పుడు తేదీ ఒకటి పది పుస్తకములకు పాకిన తరువాత దానిని తుడిచివేయుట ఎవరి తరమును కాదు.