జైళ్ళకు డబ్బెక్కడిది?

ముంబైలో నాగ్‌పాడాకు దగ్గరగా, క్లేర్ రోడ్డు పక్కన బైకుల్లా జైలు ఉంది. దీనిని 1840లో కట్టారు. పొరుగునే ఉన్న కామాటిపురాలోని తెలుగు కూలీలు నగరంలో మేడలు, రోడ్లు కడుతున్న కాలమది.

ఆనాడు మన దేశంలోని జైళ్ళు చాలావరకు ఇరుకు కొట్లు. కరడుగట్టిన దొంగలనూ, ఇంకా విచారణే జరగనివారినీ ఒకేచోట ఉంచేవారు. మెకాలే సభ్యుడుగా ఉన్న సంఘం 1838లో నివేదిక ఇచ్చింది. ఏడాదికి మించి శిక్షపడినవారికి కేంద్ర కారాగారాలు కట్టాలని చెప్పింది. ఖర్చుకు జంకి ప్రభుత్వం నెమ్మదిగానే కదిలింది. ఆగ్రాలో మొదటిది 1846లో వెలసింది.

ఆ జాప్యం ప్రాణాలు తీసింది. అంతకుముందు పదేళ్ళలో 46,309 మంది ఖైదీలు జైళ్ళలోనే మరణించారని 1864లో మరొక సంఘం తేల్చింది. మనిషికి 54 చదరపు అడుగుల చోటైనా ఉండాలంది. అంటే తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు! రాజమండ్రి జైలు ఆ ఏడాదే ఏర్పడి, 1870లో కేంద్ర కారాగారమయింది.

మరి డబ్బెక్కడిది? కొంత ఖజానా ఇచ్చింది. కొంత ఖైదీల చెమట నుండి వచ్చింది. వారు తివాచీలు, బట్టలు నేశారు, గానుగ తిప్పారు, ఇటుకలు మోశారు. సరుకు అమ్మగా వచ్చిన సొమ్మును జైలు ఖర్చులో జమకట్టేవారు. కామాటిపురా కూలీకి సాయంత్రానికి కూలి ముట్టేది, ఖైదీకి ముట్టేది కాదు. అందుకే జైలు సరుకు చవక. తమ బేరాలు పోతున్నాయని బయటి వ్యాపారులు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు.