టీ, బీ కణాల సహకారం – ఉద్దానం డయాలసిస్ రోగులకు హెపటైటిస్-బి టీకా

ప్రస్తావన

శ్రీకాకుళం జిల్లాలో భావనపాడుకు ఈశాన్యంగా ఇచ్ఛాపురం దాకా సాగే తీరంలో కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్నది. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. వ్యాధి ముదిరిన వారిలో అధికులకు డయాలసిసే శరణ్యం. రక్తం పదేపదే శరీరం వెలుపలికి వచ్చిపోయే ఈ చికిత్సలో హెపటైటిస్-బి సోకే ముప్పు ఉన్నందున టీకా అవసరమవుతుంది. అయితే ఆరోగ్యవంతులకు సరిపోయే మోతాదు వీరికి చాలదు. అందుకు కారణం టీ, బీ కణాల సహకారంలో ఉన్నది.

సహకార విధానం

థైమస్ కణాలను, ఎముక మజ్జ కణాలను విడివిడిగా ఇచ్చినప్పటికంటే కలిపి ఇచ్చినప్పుడు ఎలుకలలో ప్రతిదేహాల ఉత్పత్తి ఎంతో పెరుగుతుందని 1966లో హెన్రీ క్లామన్ బృందం నిరూపించింది. ఆ సహకారం నేడు ఇలా వివరింపబడుతున్నది. శోషరస కణుపులో డెండ్రైటిక్ కణం ప్రతిజనకపు పెప్టైడు ముక్కను సహాయక టీ కణానికి చూపుతుంది. దానితోపాటు సీడీ86 వంటి అణువుల ద్వారా రెండవ సంకేతాన్నీ అందిస్తుంది. బీ కణం అదే ప్రతిజనకాన్ని తన గ్రాహకంతో పట్టి, లోపలికి గ్రహించి, ముక్కలుచేసి, ఎంహెచ్‌సీ-2 అణువుపై ప్రదర్శిస్తుంది. ఆ ముక్కను గుర్తించిన టీ కణం సీడీ40 లైగాండ్, ఇంటర్‌ల్యూకిన్-21ల ద్వారా బీ కణానికి ప్రేరణ ఇస్తుంది. తత్ఫలితంగా ఏర్పడే జర్మినల్ కేంద్రంలో ప్రతిదేహాల బంధనశక్తి పెరుగుతుంది; ఐజీఎం నుండి ఐజీజీకి మార్పు బలపడుతుంది; జ్ఞాపక కణాలు రూపొందుతాయి.

మూత్రపిండ రోగులలో లోపం

హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి సహా, హెపటైటిస్-బి టీకాలలోని ప్రతిజనకం వైరస్ ఉపరితల ప్రోటీను. దానికి తగిన ప్రతిస్పందన టీ కణాల సహాయంపైనే ఆధారపడుతుంది. రక్తంలో వ్యర్థాలు పేరుకొన్నప్పుడు ప్రతిజనకాన్ని ప్రదర్శించే కణాలపై సీడీ86 తగ్గి, రెండవ సంకేతం బలహీనపడుతుంది. బీ కణాలున్నప్పటికీ వాటికి చాలినంత ప్రేరణ లభించదు.

ఆచరణ

అందువలననే వయోజన డయాలసిస్ రోగులకు సాధారణంగా 20కి బదులు 40 మైక్రోగ్రాముల మోతాదును 0, 1, 2, 6 నెలలలో నాలుగుసార్లు ఇస్తారు. చివరి మోతాదు తరువాత 1–2 నెలలకు పరీక్షించి, ప్రతిదేహాలు లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా ఉన్నవో లేవో చూస్తారు. ఆపై ఏటా పరీక్ష జరిపి, తగ్గినచో అదనపు మోతాదు ఇస్తారు.

ముగింపు

మూత్రపిండాల పనితీరు క్షీణించేకొద్దీ టీకా ఫలితమూ క్షీణిస్తుంది. కనుక ఉద్దానంలో వ్యాధి తొలిదశలో గుర్తింపబడిన వారికి, డయాలసిస్ దాకా వేచియుండక, టీ కణాల సహాయశక్తి మిగిలియుండగానే టీకా వేయడం శ్రేయస్కరం.