తువ్వాలు వేసిన సీటు, రాయని కోడు

పాతపట్నం బస్టాండులో టెక్కలి బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు సీటు మీద పడుతుంది. ఆ తువ్వాలు ఎక్కడికీ ప్రయాణం చేయదు. ఇక్కడికి ఒక మనిషి రాబోతున్నాడని మాత్రం చూసినవారందరికీ చెబుతుంది. ప్రోగ్రాము రాసేవారికీ ఇలాంటి తువ్వాలు కావాలి.

ప్రోగ్రాము ఒక్క బిగిన పూర్తి కాదు. పనిని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక పేరు పెడతాం. ఆ ముక్కే ఫంక్షన్. బస్సు టికెట్ల ప్రోగ్రామే తీసుకుందాం. ఛార్జీ లెక్కకట్టే ఫంక్షన్ ఒకటి, టికెట్ అచ్చువేసేది ఒకటి, వసూలైన డబ్బుకు పద్దు రాసేది ఒకటి. మొదటి రెండూ రాశాం, మూడోది రేపు రాయాలి. ఈలోగా మొదటి రెండింటినీ నడిపి చూడాలి.

ఇక్కడ పైథాన్ భాషలో ఒక చిక్కు ఉంది. సీ, జావాలలో ఫంక్షన్ శరీరం ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉంటుంది. పద్దు రాసేదానిలా ఏ విలువనూ తిరిగి ఇవ్వనక్కర్లేని ఫంక్షన్ అయితే, వాటి మధ్య ఖాళీగా వదిలినా చెల్లుతుంది. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్‌కు ఆ బ్రాకెట్లు లేవు. కొంచెం లోపలికి జరిపి రాసిన వరుసలే అక్కడ శరీరం. వరుస లేకపోతే శరీరమే లేదు కనుక ప్రోగ్రాము మొదలే కాదు. కామెంట్, అంటే చదివేవారి కోసం రాసుకున్న మాట, పెట్టినా చాలదు; దాన్ని భాష లెక్కలోకి తీసుకోదు. ఆ ఖాళీ చోటును నింపడానికి ఉన్న మాట ‘పాస్’. ఏమీ చేయకుండా ముందుకు పొమ్మని దాని అర్థం.

పాస్ పెట్టి నడుపుదాం. ఛార్జీ సరిగ్గా వస్తుంది. టికెట్ అచ్చవుతుంది. పద్దు ఫంక్షన్ వంతు వచ్చి వెళ్లిపోతుంది. ఎక్కడా తప్పు చూపించదు. సాయంత్రం పద్దు తెరిస్తే అందులో ఒక్క రూపాయీ ఉండదు.

నన్ను కలవరపెట్టేది ఈ మౌనమే. తెలుగులో ‘ఏమీ చేయనక్కర్లేదు’ వేరు, ‘ఇంకా చేయలేదు’ వేరు. పాస్ ఈ రెండింటికీ ఒకే మాట. సొంతంగా ఒక కొత్త రకం ఎర్రర్‌ను నిర్వచించేటప్పుడు పేరు ఇస్తే చాలు, లోపల పాస్ శాశ్వతంగా ఉండవచ్చు. అక్కడ పని పూర్తయినట్టే. మన పద్దులో ఉన్నదీ అదే మాట. ఆరు నెలల తర్వాత ఆ ఫైలు తెరిచినవారికి తేడా తెలియదు. రాసినవారికే గుర్తుండకపోవచ్చు.

ఏమీ చేయకపోవడాన్ని కూడా సరిగ్గా తెలియజేయాలని ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు ఎప్పుడో నేర్పాయి. వాటిలో ఐఈఎఫ్‌బీఆర్14 అనే ప్రోగ్రాము ఉంది. అది చేసేదల్లా పిలిచినచోటికి తిరిగి వెళ్లడమే. మొదట్లో అందులో ఉన్నది ఒకే ఒక్క ఆదేశం. పని ఎలా ముగిసిందో చెప్పే అంకె 15వ రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడిలో, ఉండాలి. ఆ ప్రోగ్రాము దాన్ని ముట్టుకోలేదు కనుక అందులో అంతకుముందు మిగిలిన అంకే ఫలితంగా చెలామణి అయ్యేది. గడిని సున్నా చేసే ఆదేశం చేర్చి సరిచేశారు.

కనుక రాయాల్సిన చోట నోరు విప్పే గుర్తు పెట్టాలి. పైథాన్‌లో అది ‘నాట్‌ఇంప్లిమెంటెడ్‌ఎర్రర్’ను రైజ్ చేయడం, అంటే కావాలనే ఆ తప్పును ఎత్తి చూపడం. రస్ట్ భాషకు ఇదే పని కోసం 2019లో ‘టుడూ’ అనే మాక్రో వచ్చింది. కోట్లిన్‌లో అదే పేరుతో ఫంక్షన్ ఉంది. స్కాలాలో మూడు ప్రశ్నార్థకాలు రాస్తే చాలు. మూడు చుక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. 2010 నాటి పెర్ల్ 5.12 నుంచి ఆ భాషలో మూడు చుక్కలు ప్రోగ్రామును ఆపేస్తాయి. పైథాన్ 3లో అవే చుక్కలు పాస్‌లాగే మాట్లాడకుండా దాటిపోతాయి.

ఇప్పుడు పద్దు ఫంక్షన్‌లో పాస్ తీసేసి ఆ ఎర్రర్ పెట్టి, పక్కన ‘పద్దు రాయడం మిగిలింది’ అని రాసి మళ్లీ నడిపితే, మొదటి టికెట్ అచ్చవగానే ప్రోగ్రాము ఆగుతుంది. తెర మీద ఫైలు పేరు, వరుస సంఖ్య, వాటి కింద మనం రాసిన ఆ మాట కనిపిస్తాయి.