కంప్యూటరు అంగములు కొనువారికి



బండి కట్టించునపుడు చక్రము నొకచోటను, ఇరుసు నొకచోటను కొనినను, రెండును ఒకదానికొకటి సరిపడునా యని ముందే చూచుకొందుము. చక్రము నడిమి రంధ్రము సన్నమైనచో, ఇరుసు ఎంత మేలి కలపదైనను వ్యర్థమే. అంగములను విడివిడిగా కొని కంప్యూటరును కూర్పించు వారికిని ఇదియే సూత్రము. దీనిని నేను సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొంటిని.

2023లో నా మనుమరాలి చదువు నిమిత్తమై, పింఛనులో కూడబెట్టిన సొమ్ముతో సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోతిని. కంప్యూటరు సామాను అమ్ము దుకాణము లచ్చట బారులుతీరి యున్నవి. ఒక దుకాణమున ప్రాసెసరును, మదర్‌బోర్డును కొంటిని. మొదటిది లెక్కలు చేయు మెదడు. రెండవది అంగముల నన్నిటిని కలిపి మోయు పలక. వేరొక దుకాణమున మెమొరీ బద్దలు రెండు కొంటిని. డీడీఆర్ 4 అనియు, డీడీఆర్ 5 అనియు రెండు రకములు చూపగా, పెద్ద అంకెయే మేలని తలచి రెండవదానిని తీసికొంటిని.

ఇంటికి వచ్చి చూడగా ఆ బద్దలు గాడిలో దిగలేదు. మా బోర్డు డీడీఆర్ 4 రకమునకు చేసినది. రెండురకముల బద్దలకును మొనలు 288 మాత్రమే. కాని నడిమి గంటు చోటు వేరు. మొదటిది 1.2 వోల్టులతోను, రెండవది 1.1 వోల్టులతోను పనిచేయును. ఒకదాని స్థానమున వేరొకటి దిగకుండుటకే ఆ గంటును మార్చినారు. పొట్లము విప్పితిని గనుక దుకాణదారు వాపసు తీసికొనలేదు. రెండు నెలల పొదుపు పోయినది. "తాతయ్యా, పెద్ద అంకె కాదు, సరిపోయే అంకె చూడాలి" అని పిల్ల మెల్లగా అన్నది. ఏబది యేండ్లు అంకెలు చూచిన నాకు అది పాఠమైనది.

కావున కొనుటలో ఒక వరుస పాటింపవలయును. మొదట చేయవలసిన పని యేదో నిశ్చయించి, దానికి తగిన ప్రాసెసరును ఎన్నుకొనవలెను. పిమ్మట అది కూర్చుండు సాకెట్టు గల బోర్డును వెదకవలెను. ఏఎండీ వారు 2016లో తెచ్చిన ఏఎం 4 సాకెట్టులో, 2022లో తెచ్చిన ఏఎం 5 ప్రాసెసరు కూర్చుండదు. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్టు గల బోర్డులు కొన్ని డీడీఆర్ 4కును, కొన్ని డీడీఆర్ 5కును చేయబడినవి. నేను మోసపోయిన దిచ్చటనే. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో తెరపై బొమ్మ చూపు శక్తి దానియందు లేదు. గ్రాఫిక్సు కార్డు వేరుగా కొనవలయును. విద్యుత్తు నిచ్చు పెట్టె విషయమున పిసినితనము తగదు. అంగములన్నియు కోరు వాట్లను కూడి, అంతకు మించి యిచ్చుదానినే కొనవలెను. నాసిరకపు పెట్టె చెడినచో తక్కిన వానిని గూడ చెరుపవచ్చును.

మదర్‌బోర్డు చేసినవారు దానికి ఏయే ప్రాసెసరులు, ఏయే మెమొరీలు సరిపడునో పట్టిక ప్రకటింతురు. దానితో పోల్చిన పిమ్మటనే పొట్లము విప్పవలయును. ప్రతి వస్తువు సంఖ్యయు, పూచీ యెన్నేండ్లో యు గల రసీదు పుచ్చుకొనవలయును.

మీ పిల్లలు ఇట్టి యంత్రమునకు సొమ్మడిగినపుడు ధర యొక్కటియే అడుగకుడు. "ఇవి ఒకదానికొకటి సరిపడునా?" అని గూడ అడుగుడు. పొత్తు కుదిరిన సామాన్యాంగములు, పొసగని మేలిరకములకంటె ఎక్కువ పని చేయును.