పగిలిన మురుగు గొట్టమును ఇంటియొద్దనే బాగుచేసికొనుట

పూర్వము జలదారి నీరు పెరటిలోని అరటిపాదునకో, కొబ్బరిమొదటికో కాలువగా పోయెడిది. ఇప్పుడు మన గ్రామములలో ఆ పనికి పి.వి.సి. గొట్టము లేని యిల్లు అరుదు. ఇది తేలిక, చవుక, తుప్పు పట్టదు. అయినను ఏండ్ల తరబడి ఎండకు నిలిచినచో పెళుసెక్కి, బండిచక్రము సోకినను, గేదెకొమ్ము తగిలినను చిట్లును. పోవునది మురుగునీరే కదా యని మనము ఊరకుందుము.

మేమును ఒకప్పుడు అట్లే యుంటిమి. మా పెరటిగోడ వెంబడి పోవు గొట్టము వంపుకడ పగులగా, పాత సైకిలు ట్యూబు చుట్టి తాడు బిగించి, పని ముగిసినదని తలంచితిమి. మూడు నెలలకు గోడ యడుగున చెమ్మ కనబడెను. లోపల ఆ గోడకానించి పేర్చిన విత్తనపు వేరుసెనగ బస్తాలలో అడుగువి రెండు బూజుపట్టినవి. బూజుపట్టిన వేరుసెనగ విషకరము గనుక పశువులకైనను పెట్టక పారవేసితిమి. ఒక చిన్న వంపుముక్క వెలతో పోవలసినదానికి రెండు బస్తాల విత్తనము చెల్లించుకొంటిమి.

బాగుచేయుటకు ముందు గొట్టము ఏ జాతిదో, ఎంత లావుదో తెలిసికొనవలెను. 50 మిల్లీమీటర్ల దానిని అంగడివారు ఒకటిన్నర అంగుళమనియు, 75 దానిని రెండున్నర యనియు, 110 దానిని నాలుగంగుళములనియు వ్యవహరింతురు. ఈ లెక్కలతో తికమక పడుటకంటె పగిలిన ముక్కను చేతపట్టుకొని అంగడికి పోవుట మేలు. బిందుసేద్యమునకు వాడు నల్లని గొట్టము పాలిథీనుతో చేసినది, దానికి పి.వి.సి. అతుకుమందు ఎంత పూసినను పట్టదు.

ఈ అతుకుమందు, అనగా సాల్వెంటు సిమెంటు, బంకవంటిది కాదు. అది గొట్టము పైపొరను కరగించి, రెండు ముక్కలను ఏకము చేయును. కావున దుమ్ము, జిడ్డు, తడి యున్నచోట అతుకు నిలువదు. నీరు పోయుట మాన్పించి, పగిలిన భాగమునకు ఇరుప్రక్కల గట్టిగా నున్నచోట సన్నపండ్ల రంపముతో నిలువుగా కోయవలెను. వాలుగా కోసినచో ముక్క గూటిలో సరిగా కూర్చుండదు. కోసిన అంచును ఆకురాయితో నునుపుచేసి, పొడిగుడ్డతో తుడిచి, మందు లేకుండనే ఒకసారి అమర్చి చూచి, ఎంతలోతు పోవునో పెన్సిలుతో గీత పెట్టుకొనవలెను. ఆపైని గూటిలోపల పలుచగాను, గొట్టముపై కొంచెము దండిగాను మందు పూసి, వెంటనే గీతవరకు త్రోసి, పావుచుట్టు త్రిప్పి, అరనిమిషము కదలకుండ పట్టుకొనవలెను. ఇక్కడ తాత్సారము పనికిరాదు. మందు ఆరినపిదప త్రోసిన అతుకు నమ్మదగినది కాదు. ఆ దినమంతయు నీరు విడువకున్న మంచిది.

గోడకు బిగించియున్న గొట్టమునకు నడుమ ముక్క వేయుట చాలమందికి చిక్కు. రెండు కొనలును కదలవు గదా! అందుకు రెండు కప్లరులు తెచ్చి, వాని నడుమనుండు చిన్న కట్టను ఆకురాయితో అరుగదీసినచో అవి గొట్టముపై అటునిటు జారును. వానిని పాత కొనలపైకి పూర్తిగా జరిపి, సరిపోవు క్రొత్తముక్కను నడుమ నిలిపి, మందు పూసి వెనుకకు లాగి అతుకుపై సగము సగము పడునట్లు నిలుపవలెను. ఇద్దరు మనుష్యులున్న ఈ పని సులువు.

సన్నని నెఱ్ఱె మాత్రమే యైనచో కోయ నక్కరలేదు. అదే కొలత గొట్టపుముక్కను నిడుపుగా చీల్చి, సగముకంటె కొంచెము ఎక్కువ చుట్టు మిగిల్చి, లోపల మందు పూసి నెఱ్ఱెపై తొడిగి, తీగతో కట్టిన చాలును. ఒత్తిడి లేని మురుగునకే ఇది తగును. మోటారు గొట్టమునకు ఈ యుపాయము చేయరాదు.

క్రొత్తముక్క వేయునప్పుడు వాలు చూడుడు. పది అడుగులకు రెండున్నర అంగుళముల దిగుడు చాలును. ఎండ తగులు భాగమునకు నీటితో కలియు తెల్లరంగు పూసిన గొట్టము త్వరగా పెళుసెక్కదు.

సాల్వెంటు సిమెంటు ఆవిరి తలతిప్పును, నిప్పు సోకిన భగ్గున మండును. గాలివీచు చోట, పొయ్యికిని బీడీకిని దూరముగా నుండి పనిచేయవలెను. డబ్బాలో గడ్డకట్టినదానిని కిరసనాయిలుతో పలుచన చేయుట వ్యర్థము. కోసిన తునకలను పొయ్యిలో వేయరాదు, కాలిన పి.వి.సి. పొగ రొమ్మునకు మిక్కిలి హానికరము. పెద్ద తునకలను దాచినచో మరొకనాటి నెఱ్ఱెకు అక్కరకు వచ్చును.